స్టీరియోబ్లాక్ పీపీ: గ్రాఫ్‌లో 150 ఉంటే సరిపోదు

స్టీరియోబ్లాక్ పీపీ అంటే రబ్బరులా సాగే ఒక రకం పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దాని డీఎస్సీ రిపోర్టు (వేడి చేస్తూ పోతే ఎక్కడెక్కడ ఎంత కరుగుతుందో గ్రాఫ్‌లో పీక్‌గా, అంటే శిఖరంలా చూపే పరీక్ష) పంపగానే ఫోన్ వస్తుంది. "150 దగ్గర పీక్ ఉంది కదా సార్, 100 డిగ్రీల దాకా ఢోకా లేనట్టేగా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

అపోహ: కరిగే ఉష్ణోగ్రత ఎక్కువైతే వేడికి తట్టుకుంటుంది.

పీక్ ఎక్కడుందన్నది తర్వాత, ముందు అది ఎంత పెద్దదో చూడండి. స్టీరియోబ్లాక్‌లో ఒకే అణువుల గొలుసులో కొంత మేర ఐసోటాక్టిక్ (పక్క కొమ్మలన్నీ ఒకే వైపు, వరుసగా), కొంత మేర ఎటాక్టిక్ (కొమ్మలు అడ్డదిడ్డంగా). ఐసోటాక్టిక్ ముక్కలు పక్క గొలుసుల వాటితో చేరి స్ఫటికాలవుతాయి. మెత్తటి ఎటాక్టిక్ భాగాన్ని పట్టి ఉంచే ముడులు అవే. పూర్తి స్ఫటికమైన ఐసోటాక్టిక్ పీపీ కరగడానికి గ్రాముకు సుమారు 207 జౌల్స్ కావాలి. మొన్నటి శాంపిల్‌లో వచ్చింది 20. అంటే పదో వంతే స్ఫటికం! పైగా కరగడం 50 డిగ్రీల దగ్గరే మొదలైంది. 150 దగ్గర కనిపించేది చివరిదాకా మిగిలిన కాసిని మంచి స్ఫటికాలే.

ఆ శాంపిల్ తెచ్చినాయన వేడినీళ్ల ఫ్లాస్కులకు వాషర్లు చేశాడు. మూత బిగించి రాత్రంతా ఉంచితే పొద్దునకి రేకులా అణిగిపోయాయి. "అప్పు చేసి మౌల్డ్ చేయించాను సార్" అంటుంటే నాకే బాధేసింది. మౌల్డ్ పారేయక్కర్లేదు, ష్రింకేజ్ (చల్లారాక కుంచించుకుపోయే మేర) సరిచూసుకుని టీపీవీ (ప్లాస్టిక్‌లో ముడివేసిన రబ్బరు రేణువులున్న రకం) గ్రేడ్ వేసి చూడమన్నాను. మీరూ సప్లయర్‌ని మెల్టింగ్ పాయింట్ ఒక్కటే అడక్కండి. ఫ్యూజన్ హీట్ (గ్రాము కరగడానికి పట్టే వేడి), మీరు వాడే వేడి దగ్గర కంప్రెషన్ సెట్ (నొక్కి వదిలాక తిరిగి లేవకుండా ఎంత అణిగి ఉండిపోతుందో) కూడా అడగండి.

అపోహ: ఐసోటాక్టిక్, ఎటాక్టిక్ దానా (ప్లాస్టిక్ గుళికలు) కలిపేస్తే ఇదే వస్తుంది.

రాదు. కరిగినప్పుడు రెండూ కలిసిపోతాయి, నిజమే. చల్లారాక ఎటాక్టిక్ గొలుసులకు స్ఫటికాలతో లంకె ఉండదు. లాగితే జారిపోతాయి, వెనక్కి రావు. ఆ లంకె గొలుసు పెరిగేటప్పుడే పడాలి. 1995లో కోట్స్, వేమౌత్ అనే రసాయన శాస్త్రవేత్తలు వాడిన జిర్కోనియం ఉత్ప్రేరకం చేసిందదే: దాని రెండు వలయాలు తిరుగుతూ ఒక భంగిమలో ఐసోటాక్టిక్, ఇంకో భంగిమలో ఎటాక్టిక్ అల్లుతాయి. చూడముచ్చటైన కెమిస్ట్రీ!

అపోహ: ఇది పీపీసీపీ (పాలీప్రొపిలీన్ కోపాలిమర్) లాంటిదే. కాదు. అందులో ఇథిలీన్ ఉంటుంది, ఇందులో ప్రొపిలీన్ తప్ప ఇంకేమీ లేదు.

అపోహ: సాగుతుంది కాబట్టి రబ్బరులా వల్కనైజ్ చేయాలి (గొలుసుల్ని రసాయనంతో శాశ్వతంగా ముడివేయాలి). అక్కర్లేదు. స్క్రాప్‌ని మళ్లీ కరిగించి వాడుకోవచ్చు.

అపోహ: మెత్తగా ఉంది, చలిలో పగలదు. ఎటాక్టిక్ భాగం టీజీ (ఏ ఉష్ణోగ్రతకి దిగువన మెత్తదనం పోయి గట్టిపడుతుందో అది) సున్నా డిగ్రీలకు కాస్త అటూఇటూ. ఫ్రీజర్ డబ్బాలకు వాడాలనుకుంటే ముందు ఒక ముక్కని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, తీసీ తీయగానే వంచి చూడండి.