ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు: ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి నేను రోజూ వినే అపోహలు

"అన్నా, ఫ్రీగా ఇస్తున్నారంటే ఎక్కడో తిరకాసు ఉండే ఉంటుంది కదా?"

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్) వేసి ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. కంప్యూటర్లు బాగుచేయడం, చిన్న ఆఫీసుల్లో, బడుల్లో లినక్స్ పెట్టి నడపడం నా పని. వాళ్ల అనుమానాన్ని నేను తప్పు పట్టను. ఊరికే వచ్చేవాటితో అందరం ఎప్పుడో ఒకసారి మోసపోయినవాళ్లమే. అందుకే ఈ పనిలో తరచూ ఎదురయ్యే అపోహలకు నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే డబ్బు కట్టక్కర్లేనిది.

ఇంగ్లీషులో ఒకే మాటకు రెండు అర్థాలు ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. తెలుగులో మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం అంటే ధర గురించి, స్వేచ్ఛ అంటే హక్కు గురించి. అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారీ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు ఆయన పోరాటం ధర మీద కాదు, హక్కు మీద. ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవచ్చు. కాపీలు పంచవచ్చు. మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగూ ఉంటే, డబ్బుకు అమ్మినా అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. వాట్సాప్‌కు మనం పైసా కట్టం, కానీ దానిని తెరిచి మార్చుకునే హక్కు మనకు లేదు. కాబట్టి అది ఉచితమే గానీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

ఇందులో వ్యాపారం లేదనుకోవడం కూడా పొరపాటే. లినక్స్ మీద సేవలు అమ్ముకునే రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

అపోహ: వెనక కంపెనీ లేకపోతే, తప్పు వచ్చినప్పుడు దిక్కెవరు?

పొలంలో బోరు మోటారు కాలిపోతే రైతు ఏం చేస్తాడు? దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి వైండింగ్ చేయించుకుంటాడు. తయారు చేసిన కంపెనీ తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదంటే పంట ఎండిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ షరతును మనం మాట్లాడకుండా ఒప్పుకుంటున్నాం.

2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలుగు 'జ్ఞ' ఉన్న ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది, ఆ మాట చెప్పాలి. కానీ అక్షరం మనదైనా, దాన్ని పేర్చే కోడ్ మూసి ఉంది. ఎక్కడ తప్పు జరిగిందో తెరిచి చూసే వీలు ఆపిల్ బయట ఉన్న తెలుగు ప్రోగ్రామర్లెవరికీ లేకపోయింది.

అక్షరాలు పేర్చే ఇదే పనిని ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో, ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రెఆఫీస్‌లో హర్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పేరు పారసీ నుంచి వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. మీరు 'స్త్రీ' అని టైపు చేసినప్పుడు కంప్యూటర్‌కు అందేది ఒక అక్షరం కాదు, వరసగా ఆరు యూనికోడ్ సంకేతాలు (ప్రతి లిపిలోని అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి నంబర్లు): స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని సరైన ఒత్తులతో ఒక్క రూపంగా పేర్చేది ఇదే. ఆ కోడ్ ఎవరైనా చదవవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. మన లిపి విషయంలో ఆ హక్కు మన చేతిలో ఉండటం నాకు చిన్న సంగతిగా అనిపించదు.

అపోహ: కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి దొంగలకు సులువు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, "కోడ్ తెరిచి ఉంది కాబట్టి ఏ ప్రమాదమూ ఉండదు" అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండూ ఒప్పుకోను.

2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం, ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని రహస్యంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. తెరిచి ఉండటం ఒకటి, తెరిచి చూసేవాళ్లు ఉండటం మరొకటి. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఒక మారుపేరు మనిషి దొంగదారి చొప్పించాడు. అంతకుముందు రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నమ్మించి, అలసిపోయిన నిర్వాహకుడి దగ్గర చనువు సంపాదించాడు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన సర్వర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని ఆయనకు అనుమానం వచ్చింది. ఆ అరసెకనును వదిలేయకుండా తవ్వుకుంటూ వెళ్లాడు. కోడ్ మూసి ఉంటే బయటి మనిషికి అలా లోపలిదాకా వెళ్లే దారే ఉండేది కాదు.

అపోహ: అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ అందితే పేదా గొప్పా తేడా పోతుంది.

కుర్రవాడిగా నేనూ ఇదే నమ్మాను, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం మన దేశ ఆదాయంలో 57 శాతం పై పది శాతం మందికి పోతోంది. కింది సగం జనాభాకు దక్కేది 13 శాతం. లినక్స్ మాత్రం కోటీశ్వరుడికీ, కూలి పని చేసే ఇంటి పిల్లకీ ఒకటే. మరి సంపద ఎందుకు సమం కాలేదు? కోడ్ అందరిదే అయినా, దాన్ని లక్షల మందికి నడిపించే సర్వర్లు, కరెంటు, వాడేవాళ్ల సమాచారం, పెట్టుబడి కొందరి దగ్గరే ఉన్నాయి. లాభం కోడ్ రాసినవాడి వెంట రాదు, ఆ సరంజామా ఉన్నవాడి వెంట పోతుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతే చూడండి. పెద్ద పెద్ద కంపెనీల లావాదేవీలన్నీ దాని మీద నడుస్తుంటే, హార్ట్‌బ్లీడ్ బయటపడే నాటికి ఆ బృందానికి వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. అంత గొడవ జరిగాక గానీ కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేయలేదు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పంచుకోవడానికి ముందుకొచ్చిన మనిషి జీతం లేకుండా రాత్రుళ్లు మేలుకోవాలి, ఆ పని మీద సంపాదించినవాళ్లు మాత్రం లోపం బయటపడ్డాకే అతన్ని గుర్తించాలి అనడం న్యాయం కాదు.

అయితే ఏ ఉపయోగమూ లేదా అంటే, ఉంది. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. లైసెన్సులకు పోయే డబ్బు అక్కడ మిగిలింది. ఊళ్లో చదివే పిల్లకు కూడా పెద్ద కంపెనీల ఇంజనీర్లు వాడే కంపైలరే (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్) దొరుకుతుంది. తలుపు తీసి ఉంది, అంతవరకు నిజం. కానీ ఆ పిల్లకు ముందు ఒక కంప్యూటర్ కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి పోతే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆమె దాకా రాలేదు.

అపోహ: లినక్స్‌లో తెలుగు రాదు.

వస్తుంది. కీబోర్డులూ ఉన్నాయి, ఫాంట్లూ ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన; సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, సూరన్న లాంటివి అందరూ వాడుకోవచ్చు. చిక్కంతా యూనికోడ్ రాకముందు డీటీపీ (అచ్చు పని) ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లతోనే. వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా మార్చుకోవాల్సిందే.

అపోహ: లినక్స్ వేస్తే పాత కంప్యూటర్ కొత్తదైపోతుంది.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది, అప్పటి నుంచి ఈ ఆశతో వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వేగం కావాలంటే ముందు హార్డ్ డిస్క్ తీసి, అంతకంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి, సగం తేడా అక్కడే కనిపిస్తుంది. షాపు లెక్కలన్నీ టాలీలో ఉంటే అది లినక్స్ మీద నేరుగా నడవదు, అలాంటివాళ్లను మారమని నేను చెప్పను. మిగతావాళ్లు ముందు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ పనిచేస్తున్నాయో చూసుకోవాలి. ఫొటోలు వేరే చోట దాచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయాలి.

అపోహ: కోడ్ రాయడం రానివాళ్లకు ఇందులో చేసే పనేమీ లేదు.

ఒక బడిలో లిబ్రెఆఫీస్ తెలుగు మెనూ చూపిస్తుంటే అక్కడి తెలుగు మేడమ్ ఒక మాట దగ్గర ఆగారు. "ఇది ఎవరికి అర్థమవుతుంది బాబూ? మా పిల్లలు ఇలా అనరు" అన్నారు. ఆ అనువాదాలు చేసేది వెబ్‌లేట్ అనే చోట అనీ, ఖాతా తెరిచి ఎవరైనా మంచి మాట సూచించవచ్చనీ చూపించాను. పది నిమిషాల్లో ఆమె తన మొదటి సూచన పెట్టారు. మర్నాడు నేను వెళ్లేసరికి నోట్‌బుక్‌లో మరో ఎనిమిది మాటలు రాసి పెట్టుకుని ఉన్నారు.