మంచు పలచగా ఉన్నప్పుడు స్నోమొబైల్ ఇంజన్ ఎందుకు కాగిపోతుంది

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య దీవెనలు.

ఈసారి మంచు సరిగా పడలేదనీ, మంచు మీద నడిచే స్నోమొబైల్ బండిని పది నిమిషాలు నడిపేసరికి ఇంజన్ కాగిందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతోందనీ, ఇంజన్ పాడైందేమోనని భయంగా ఉందనీ రాశారు. ఇంజన్‌లో లోపం ఉంటే ఉండవచ్చు. కానీ పానా పట్టుకొని ఇంజన్ మూత విప్పే ముందు, ఒక్కసారి వంగి ట్రాక్ కింద, అంటే తిరుగుతూ బండిని ముందుకు తోసే రబ్బరు బెల్టు కింద, ఎలాంటి మంచు ఉందో చూడండి.

కారుకు ముందు భాగంలో రేడియేటర్ ఉంటుంది, దానికి గాలి తగిలి లోపలి నీరు చల్లబడుతుంది. కూలెంట్‌తో, అంటే ఇంజన్ వేడిని మోసుకెళ్లే ద్రవంతో, చల్లబడే స్నోమొబైళ్లలో చాలావాటికి అలాంటి రేడియేటర్ ఉండదు. సీటు కింద ట్రాక్ తిరిగే సొరంగం వంటి భాగాన్ని టన్నెల్ అంటారు. దాని పైకప్పుకు పొడవాటి అల్యూమినియం కూలర్లు బిగించి, ఇంజన్‌లో కాగిన కూలెంట్‌ను వాటిగుండా తిప్పుతారు. ట్రాక్ మీద ఉన్న రబ్బరు పళ్లు నేలమీది మంచును గీరి పైకి విసురుతాయి. ఆ పొడి కూలర్లకు తగిలి కరిగి, వేడిని తనతో తీసుకొని నీరై కారిపోతుంది. అంటే మీరు ఏ మంచు మీద వెళ్తున్నారో అదే మీ బండికి రేడియేటర్.

చలి అంత ఉన్నా ఇంజన్ ఎలా కాగుతుందని మీలో ఒకరు అడిగారు, మంచి ప్రశ్నే. బడిలో ద్రవీభవన గుప్తోష్ణం అనే మాట బట్టీ పట్టి ఉంటారు. దాని అవసరం ఇక్కడ తెలుస్తుంది. ఒక గ్రాము గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పావు క్యాలరీ కూడా పట్టదు. ఒక గ్రాము నీటికి ఒక క్యాలరీ పడుతుంది. అదే సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు కరిగి నీరు కావాలంటే సుమారు 80 క్యాలరీలు కావాలి, అదీ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ అయినా పెరగకుండా. అందుకే మైనస్ 15 డిగ్రీల గాలి వీస్తున్నా, గట్టిపడిన దారి మీద పళ్లకు గీరడానికి పొడి మంచు దొరకకపోతే ఇంజన్ కాగిపోతుంది. సున్నాకు కాస్త కిందనే ఉన్న రోజైనా, మెత్తని మంచు జానెడు పడి ఉంటే హాయిగా నడుస్తుంది. బండిని ఒకేచోట నిలిపి చాలాసేపు ఇంజన్ తిరగనిచ్చినా ఇదే ఇబ్బంది వస్తుంది, ఎందుకంటే ట్రాక్ కదలనప్పుడు మంచు లేవదు.

నేను ఈ సంగతి తెలుసుకున్నది పుస్తకంలో కాదు. మీ వయసులో ఒకసారి, గాలికి మంచంతా ఎగిరిపోయి అద్దంలా నున్నగా మిగిలిన గడ్డకట్టిన చెరువు మీదుగా వెళ్తున్నాను. దీపం వెలిగింది. ఇంకెంత, ఒడ్డు కనిపిస్తూనే ఉంది కదా అనుకున్నాను. ముందు ప్లాస్టిక్ కాలిన కమురు వాసన వచ్చింది, కాసేపటికి ఇంజన్ మూలిగినట్టు ఒక శబ్దం చేసి ఆగిపోయింది. పిస్టన్ వేడికి వ్యాకోచించి, సిలిండర్‌తో దానికున్న వెంట్రుకంత సందును పూడ్చేసి, నూనె పొర తెగి, గోడకు పట్టేసింది. మెకానిక్కులు దీన్నే సీజ్ అయిందంటారు. కమురు వాసన మాత్రం ఇంజన్‌ది కాదు. ట్రాక్ లోపలి పట్టాల అంచున స్లైడులనే ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, వాటికి కందెన కూడా మంచే. అది అందకపోతే రాపిడి వేడికి, 130 డిగ్రీల దాపున ఆ ప్లాస్టిక్ కరుగుతుంది; చల్లారాక ట్రాక్ మీది లోహపు క్లిప్పులకు అంటుకుపోతుంది. ఆ రోజు బండిని తోసినా ట్రాక్ తిరగలేదు. ఫ్యానుతో చల్లబడే ఇంజన్లకు మంచు అక్కర్లేదని కొందరు ధీమాగా ఉంటారు, కానీ స్లైడుల విషయంలో వాళ్లకూ మినహాయింపు లేదు.

దీపం వెలిగినప్పుడు చుట్టూ చూడండి. దారి అంచున, చెట్ల నీడన, పల్లంలో పొడి మంచు కనిపిస్తే నెమ్మదిగా అందులోకి దిగి కాసేపు నడపండి. కూలర్లకు మంచు తగలగానే దీపం ఆరిపోవడం మీరే చూస్తారు. దగ్గరలో అలాంటి చోటు లేకపోతే వెంటనే ఇంజన్ ఆపండి. ఆపాక, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక మాత్రమే, దొరికిన మంచును దోసిళ్లతో టన్నెల్ లోపల కూలర్లకు మెత్తండి. చుయ్‌మని శబ్దం వచ్చి నీరు కారుతుంటే మంచు పని చేస్తోందన్నమాట. కాగిన ఇంజన్ మీద నేరుగా మంచు వేయకండి. వేడిగా ఉండగా కూలెంట్ మూత తిప్పనే వద్దు. లోపల ఒత్తిడితో ఉన్న ద్రవం ఒక్కసారిగా మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది.

గట్టి దారుల మీద ఎక్కువగా తిరిగేవాళ్లు ఐస్ స్క్రాచర్లు పెట్టించుకోవాలి. అవి పట్టాలకు బిగించే సన్నని స్ప్రింగు ఉక్కు కడ్డీలు. నేలను గీరుతూ మంచు పలుకులను ట్రాక్ మీదికి ఎగరేస్తాయి. మామూలు రకమైతే బండిని వెనక్కి నడిపే ముందు పైకెత్తి కొక్కేనికి తగిలించాలి, మరిచిపోతే వంగిపోతాయి. వెనక వేలాడే స్నో ఫ్లాప్‌ను అందం కోసం కత్తిరించే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది: పైకి లేచిన మంచును బయటికి పోనీయకుండా తిరిగి కూలర్ల వైపు మళ్లించేది అదే.

పుష్కలంగా మంచు ఉన్నా దీపం వెలుగుతుంటే అప్పుడు బండిని అనుమానించండి. ఇంజన్ చల్లారాక కూలెంట్ మట్టం చూడండి, గొట్టాల్లో గాలి బుడగ చేరిందేమో, కూలెంట్‌ను వేడిని బట్టి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో మెకానిక్‌తో చూపించండి. కూలర్లకు గడ్డకట్టిన మంచు పెంకులా పట్టి ఉన్నా కొత్త మంచు వాటికి తగలదు. కూలెంట్ తక్కువైతే, అది గడ్డకట్టకుండా నీటిలో కలిపే గ్లైకాల్ అనే ద్రవం ఒక్కటే పోసేయకండి. గ్లైకాల్, నీరు సగం సగం కలిపినది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. విచిత్రంగా, నీరు కలపని గ్లైకాల్ అంతకంటే చాలా ముందే గడ్డకడుతుంది, వేడినీ తక్కువగా మోస్తుంది.

ఇది చదివాక బండిని ఒక పక్కకు వాల్చి స్లైడులు చూడండి. అరుగుదల గీత చెరిగిపోయి ఉంటే, మళ్లీ బండి తీసే ముందు రెండు వైపులా కొత్తవి వేయించండి.

ఇట్లు,
మీ తాతయ్య