కవరు తెరవకముందే ఎలా తెలుస్తుంది? ఆస్కార్ అంచనాల వెనక కథ

2023 మార్చి 13, సోమవారం ఉదయం. అమెరికాలో అప్పటికింకా ఆదివారం రాత్రే. భీమవరంలో ఒక టీ కొట్టు దగ్గర మేం ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. 'నాటు నాటు'కి ఆస్కార్ వస్తుందా రాదా అని అందరికీ టెన్షన్. మా గుంపులో ఒక కుర్రాడు మాత్రం, "ఆయ్, ఖాయమండీ. గోల్డెన్ గ్లోబ్ వచ్చేసింది, క్రిటిక్స్ ఛాయిస్ వచ్చేసింది, ఇంకేం కావాలి?" అన్నాడు. అతను చెప్పినట్టే జరిగింది. కీరవాణి గారు పుట్టింది మన కొవ్వూరులో కాబట్టి మాకు ఆ సంతోషం రెండింతలు. కానీ ఆ రోజు నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. ఎక్కడో అమెరికాలో సీలు వేసిన కవర్లో ఉన్న పేరు గురించి భీమవరం కుర్రాడు అంత ధీమాగా ఎలా చెప్పగలిగాడు? మన నంది అవార్డుల గురించి ఎవరూ ఎప్పుడూ అలా ఎందుకు చెప్పలేకపోయారు?

అంచనాలు కట్టడం గోదావరి జిల్లాలకు కొత్తేమీ కాదు. సంక్రాంతి కోడిపందేల ముందు కుక్కుట శాస్త్రం తిరగేసి, ఫలానా రోజు డేగ రంగు పుంజు గెలుస్తుందా కాకి రంగు పుంజు గెలుస్తుందా అని తేల్చే పెద్దలు మనకున్నారు. మార్నింగ్ షో వదిలాక బయటికొచ్చే జనం మొహాలు చూసి, ఈస్ట్‌లో ఎంత షేర్ వస్తుందో, వెస్ట్‌లో ఎంత వస్తుందో చెప్పేవాళ్లూ ఉన్నారు. సినిమా వ్యాపారంలో మన రెండు పాత జిల్లాల పేర్లు అవే. ఆస్కార్ అంచనా లెక్క మాత్రం వేరు. అది కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది.

1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో మొదటి ఆస్కార్ విందు జరిగినప్పుడు ఊహించడానికి ఏమీ మిగల్లేదు. విజేతల పేర్లు ఫిబ్రవరిలోనే చెప్పేశారు. ఆ తర్వాతి ఏడాది నుంచి పేర్లను వేడుక రాత్రి దాకా దాచారు గానీ, పత్రికలకు మాత్రం ముందే అందేవి. రాత్రి 11 దాటాకే బయటపెట్టాలన్నది షరతు. 1940లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ షరతు పాటించకుండా సాయంత్రం ఎడిషన్లోనే వేసేసింది. విందుకు వస్తున్న అతిథులు లోపలికి అడుగుపెట్టకముందే ఫలితాలు చదువుకునే పరిస్థితి వచ్చింది. దాంతో 1941 నుంచి సీలు కవర్ల పద్ధతి పెట్టారు. ఓట్లు లెక్కపెట్టే పని అప్పటికే ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిటింగ్ సంస్థ చేతిలో ఉంది. ఇక చివరి నిమిషం దాకా ఫలితం బయటికి పొక్కే దారి లేదు. ఫలితం దాగినప్పటి నుంచే జనం దాన్ని పసిగట్టడం మొదలుపెట్టారు.

పసిగట్టడానికి ఆధారాలు సంఘాల నుంచి వచ్చాయి. అమెరికా దర్శకుల సంఘం 1940ల చివర్లో తన సొంత అవార్డులు మొదలుపెట్టింది. నిర్మాతల సంఘం 1990లో, నటుల సంఘం 1995లో ఆ బాట పట్టాయి. ఇవన్నీ ఆస్కార్ కంటే ముందే తమ విజేతలను ప్రకటిస్తాయి. ఆస్కార్‌కు ఓటేసేది ఆ అవార్డులిచ్చే సంస్థ అకాడమీ సభ్యులు. ఇప్పుడు వాళ్లు పదివేల మంది దాకా ఉన్నారు. వాళ్లలో చాలామంది ఈ సంఘాల్లోనూ సభ్యులే. అంటే అసలు ఫలితం రాకముందే, అదే ఓటర్లలో కొందరు వేరే బూత్‌లో వేసిన ఓట్ల ఫలితం మన చేతికొచ్చినట్టు. దర్శకుల సంఘం అవార్డు ఒకరికి వచ్చి, ఆస్కార్ మరొకరికి వెళ్లిన సందర్భాలు ఇన్ని దశాబ్దాల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోల్డెన్ గ్లోబ్ అలా కాదు. అక్కడ ఓటేసేది సినిమా పనివాళ్లు కాదు, విలేకరులు. అందుకే అది సందడి ఎక్కువ చేసినా ఆధారంగా దాని బలం తక్కువ. మా కుర్రాడి ధీమాలో నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఆ ఒక్కటే.

ఉత్తమ చిత్రం సంగతి మాత్రం 2010 వేడుక నుంచి చిక్కుగా మారింది. పోటీలో ఐదు సినిమాల బదులు పది పెట్టారు, దాంతో పాటు ప్రాధాన్య ఓటు తెచ్చారు. ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాం. ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి, ఆ ఓట్లను తర్వాతి అంకె ఉన్నవారికి పంచుతారు. ఆస్కార్ ఉత్తమ చిత్రం తేలేదీ ఇలాగే. ఇక్కడ కొందరికి ప్రాణంగా నచ్చి, మరికొందరికి అస్సలు గిట్టని సినిమా వెనకబడుతుంది. అందరి కాగితాల్లోనూ రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉన్న సినిమా పైకి లేస్తుంది. 2020లో '1917' సినిమాకు నిర్మాతల సంఘం, దర్శకుల సంఘం, బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా, గోల్డెన్ గ్లోబ్ అన్నీ వచ్చాయి. కవరు తెరిస్తే కొరియా సినిమా 'పారాసైట్' పేరుంది. ఇంగ్లిష్‌లో కాకుండా వేరే భాషలో తీసిన సినిమాకు ఉత్తమ చిత్రం రావడం అదే మొదటిసారి. లెక్కలు కట్టేవాళ్లు తేలిగ్గా తీసుకున్న ఆధారం ఒకటి అక్కడే ఉంది: నటుల సంఘం తన పెద్ద బహుమతిని పారాసైట్ బృందానికి ఇచ్చింది. అకాడమీలో అన్ని విభాగాల కంటే పెద్దది నటుల విభాగమే.

'నాటు నాటు' సంగతికొస్తే, ఆ ఏడాది అంతర్జాతీయ చిత్రాల విభాగానికి భారత్ తరఫున అధికారికంగా వెళ్లింది గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. ఆర్ఆర్ఆర్ బృందం సొంతంగా ప్రచారం చేసుకుని మిగతా విభాగాల్లో పోటీ పడింది. డిసెంబర్‌లో సంగీత విభాగం సభ్యులు 15 పాటల జాబితా ఇచ్చారు. జనవరి 24న అది ఐదుకు తగ్గింది. చివరి ఓటు సభ్యులందరిదీ. ఎదుట లేడీ గాగా, రియానా లాంటి పేర్లున్నాయి. బాఫ్టాలో పాటకు అవార్డే లేదు కాబట్టి అటునుంచి ఏ కబురూ రాదు. అయినా ఈ పాటకున్న బలం కళ్ల ముందే కనబడింది. అమెరికా థియేటర్లలో జనం తెర ముందుకొచ్చి చిందులేశారు. ఓటేసేవాళ్లందరూ సంగీతం తెలిసినవాళ్లు కారు. అలాంటప్పుడు పాటతో పాటు కళ్లలో నిలిచిపోయే ఆట ఉన్నవాళ్లకు మొగ్గు ఉంటుంది. ఐదు పేర్లు వచ్చాక మావాళ్లు మిగతా నాలుగు పాటలు కూడా వెతుక్కుని విన్నారు. ఏది బాగుంది, ఏది మనదానికి గట్టి పోటీ అని వాదించుకున్నారు. నాకు ఆ వాదనలే ఎక్కువ గుర్తున్నాయి.

మన దగ్గర ఇలాంటి వాదనకు చోటు లేకుండా పోయింది. నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. మొదటి బంగారు నంది అందుకున్న 'డాక్టర్ చక్రవర్తి' దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారిది రాజమండ్రి. అయినా రాజమండ్రి వాళ్లు ముందుగా ఎదురుచూడటానికి తుది పోటీదారుల జాబితా అంటూ ఏదీ ఉండేది కాదు. కొద్దిమంది జ్యూరీ సభ్యులు గదిలో కూర్చుని సినిమాలు చూసి, మాట్లాడుకుని, తేల్చేవారు. జాతీయ అవార్డులదీ ఇదే పద్ధతి. 2023 ఆగస్టు 24న అల్లు అర్జున్‌ పేరు ప్రకటించే దాకా, ఒక తెలుగు నటుడికి తొలిసారి జాతీయ ఉత్తమ నటుడు రాబోతోందని ఆయన తాతగారి ఊరు పాలకొల్లులో ఎవరూ లెక్క కట్టి చెప్పలేకపోయారు.

జ్యూరీ పద్ధతిని నేను తప్పుపట్టను. ప్రచారానికి డబ్బు లేని చిన్న సినిమాకు అదే దిక్కు. ఆస్కార్ బరిలో నిలబడాలంటే ప్రకటనలకు, ప్రత్యేక షోలకు కుమ్మరించాల్సిన డబ్బు మన చిన్న నిర్మాత ఆస్తికి మించిపోతుంది. నా బాధ ఆలస్యం గురించి, గోప్యత గురించి. 2014, 2015, 2016 సినిమాలకు నందులన్నీ 2017 నవంబర్లో ఒకే రోజు ప్రకటించారు. పెద్ద గొడవైంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి సినిమా నందులు ఆగిపోయాయి. మూడేళ్ల కిందటి సినిమా గురించి ఊహించేదేముంటుంది? దాని ఊసే జనం మర్చిపోయి ఉంటారు.

అంచనా అనగానే పందెం గుర్తొస్తుంది మనకు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ బెట్టింగును నిషేధించింది. 2025లో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. పందేల వల్ల పొలాలు పోయిన ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి, అందుకే డబ్బు పెట్టి చెప్పే జోస్యాన్ని నేను అంచనా అనను. మా కుర్రాడు ఆ రోజు పైసా కాయలేదు. ఎవరు ఓటేస్తారో, ఎప్పుడేస్తారో, ఎలా లెక్కిస్తారో తెలుసుకుని చెప్పాడు.

నందులు మళ్లీ ఇచ్చేటప్పుడు జ్యూరీనే ఉంచండి. ప్రతి విభాగంలో చివరి ఐదు పేర్లు మాత్రం పది రోజుల ముందు బయటపెట్టండి. పాలకొల్లులోనూ అమలాపురంలోనూ కుర్రాళ్లు ఆ ఐదు సినిమాలూ వెతుక్కుని చూస్తారు.