అర్ధరాత్రి డిస్కును లేపుతున్నదెవరు?

నల్లకుంటలోని మా ఫ్లాటులో, హాల్లో టీవీ స్టాండు కింద, ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంది. పిల్లల పుట్టినరోజు వీడియోలు, నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు, కుటుంబ ఫొటోలు, సినిమాలు అన్నీ అందులోని రెండు 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కుల మీద ఉంటాయి. ఒకదానిలో ఉన్నదే రెండో దానిలోనూ ఉండేలా వాటిని జత చేశాను. కంప్యూటరును నడిపే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చప్పుడు చెయ్యని డిస్కు) మీద నడుస్తుంది. ఇరవై నిమిషాలు పని లేకపోతే నిద్రలోకి వెళ్ళమని డిస్కులకు చెప్పి ఉంచినా, ఇంట్లో అందరూ పడుకొని వీధిలో ఆటోల రొద సద్దుమణిగాక, ఎవరూ ఏమీ చూడని వేళ ఆ పెట్టెలోంచి టకటకమని చప్పుడు వచ్చేది.

హార్డ్‌డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో, పలుచని గాలి పొర మీద తేలుతూ, హెడ్ అనే సూక్ష్మ పరికరం సమాచారాన్ని చదువుతుంది, రాస్తుంది. పళ్ళెం తిరిగే శబ్దం ఫ్యాను గాలిలో కలిసిపోతుంది గానీ, హెడ్‌ను మోసే చెయ్యి ఒకచోటి నుంచి మరోచోటికి గెంతినప్పుడు పుట్టే టకటక కలవదు. ఖాళీగా తిరిగే డిస్కు సుమారు 4 వాట్లు తీసుకుంటుంది, నిద్రపోయినది 1 వాట్ కన్నా తక్కువ తీసుకుంటుంది. అంటే ఏడాది పొడవునా నిద్రపోయినా మిగిలేది డిస్కుకు 30 యూనిట్లకు అటూ ఇటూ మాత్రమే. కరెంటు బిల్లు కోసమైతే ఇంత తంటాలు పడనక్కర్లేదు. నన్ను కదిలించినవి ఆ చప్పుడు, మే నెల ఎండల్లో తలుపులు మూసిన టీవీ స్టాండులో పేరుకునే వేడి. అన్నిటికీ మించి మరొకటుంది: నిద్రపోతూ మాటిమాటికీ ఉలిక్కిపడి లేచే డిస్కుకు, ఆగకుండా తిరిగే డిస్కు కన్నా అరుగుదల ఎక్కువ, ఎందుకంటే ఆగిన పళ్ళేన్ని మళ్ళీ వేగం అందుకునేలా చేసేటప్పుడే మోటారు మీద ఎక్కువ భారం పడుతుంది.

ఎవరు రాస్తున్నారో చూపే ఐఓటాప్ అనే ఉపకరణాన్ని నడిపితే, పట్టికలో పైన ‘జేబీడీ2’ అనే పేరు కనబడింది. నేనూ మొదట దాన్నే అనుమానించాను. అది డిస్కు మీద ఫైళ్ళను అమర్చే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ వ్యవస్థకు చిట్టా రాసే గుమాస్తా మాత్రమే. ఏ ప్రోగ్రామైనా ఫైలు రాసినప్పుడు ఆ రాత సాధారణంగా నేరుగా డిస్కుకు చేరదు. ముందు మెమరీలో నిలుస్తుంది. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ మామూలు అమరికలో 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లకు పైగా నిలిచిన రాతలను డిస్కుకు పంపుతుంది. ఈఎక్స్‌టీ4 కూడా తన చిట్టాను 5 సెకన్లకోసారి ఖాయం చేస్తుంది. దస్తావేజు రాయించుకున్నవాడు ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాక, దాన్ని రిజిస్టరులోకి ఎక్కిస్తున్న గుమాస్తా ఒక్కడే మనకు కనబడినట్టన్నమాట. ఆ 5 సెకన్లను 10 నిమిషాలకు పెంచుకొమ్మని కొందరు సలహా ఇస్తారు. ఎండాకాలం చివర ఈదురుగాలి లేవగానే కరెంటు పోయే మన ఊళ్ళో, యూపీఎస్ లేని ఇంట్లో, ఆ పని చేస్తే చివరి 10 నిమిషాల రాతలు గాల్లో కలిసిపోవచ్చు. నేను దాని జోలికి పోలేదు.

గుమాస్తాను వదిలి దస్తావేజు ఎవరిదో తెలుసుకోవాలంటే, ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తాకిందో వరుసగా చూపే ఫాట్రేస్ వంటి ఉపకరణం కావాలి. (మొదటి రాత్రి దాని నివేదికను ఆ డిస్కు మీదే దాచి, డిస్కును నేనే తెల్లవార్లూ మేలుకొలిపాను. నివేదికను మెమరీలో ఉంచుకోవాలి.) మా ఇంట దొరికింది జెల్లీఫిన్ అనే మీడియా సర్వరు, అంటే ఇంట్లోని టీవీకీ ఫోన్లకూ సినిమాలు అందించే ప్రోగ్రాము. సినిమాల పేర్లు, పోస్టర్లు, ఎవరు ఎంతవరకు చూశారన్న వివరాలను అది ఎస్‌క్యూలైట్ అనే, ఒక ఫైలులో ఇమిడే డేటాబేసులో దాస్తుంది. మొదటిసారి పెట్టేటప్పుడు స్థలం ఎక్కువని ఆ డేటాబేసును నేనే పెద్ద డిస్కుల మీద ఉంచాను. సినిమా ఎంత పెద్దదైనా చూసినప్పుడే కదులుతుంది, ఈ చిన్న ఫైలు మాత్రం రాత్రీ పగలూ కదులుతూనే ఉంటుంది. దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చాక చప్పుడులో ఎక్కువ భాగం ఆ రాత్రే ఆగిపోయింది.

మిగిలినదానిలో విచిత్రమైనది, చదవడమే రాయడంగా మారడం. లైనక్స్ లాంటి యూనిక్స్ కుటుంబపు వ్యవస్థల్లో ప్రతి ఫైలుకూ ‘చివరిసారి ఎప్పుడు చదివారు’ అనే సమయం నమోదవుతుంది. పుస్తకం తెరిచిన ప్రతిసారీ గ్రంథాలయ రిజిస్టరులో సంతకం పెట్టినట్టు, చదివిన ప్రతిసారీ ఒక రాత పడుతుంది. ఇది మరీ భారమని, 2009లో వచ్చిన 2.6.30 కెర్నెల్ నుంచి లైనక్స్ ఒక మధ్యేమార్గాన్ని మామూలు పద్ధతిగా పెట్టుకుంది: పాత నమోదుకు 24 గంటలు దాటితేనో, ఆ నమోదు తరువాత ఫైలు మారి ఉంటేనో మాత్రమే కొత్త సమయం రాస్తుంది. ఫోల్డర్లకూ ఇదే నియమం. కాబట్టి మీడియా సర్వరు రోజుకోసారి అన్ని ఫోల్డర్లనూ తిరిగి చూసినప్పుడు, ఆ వివరాలన్నీ మెమరీలోనే ఉండి డిస్కుతో పనే పడకపోయినా, ‘చూశాను’ అన్న సంతకం కోసం డిస్కు లేవాల్సి వస్తుంది. సినిమాలు దాచే డిస్కుకు ఈ సంతకంతో ఏ ప్రయోజనమూ లేదు; ‘నోఎటైమ్’ అనే అమరికతో దాన్ని పూర్తిగా మానిపించవచ్చు.

ఇక ఎవరిదో తెలియని చప్పుడుకు గడియారం పెట్టి చూడటం మంచి మార్గం. సరిగ్గా అరగంటకోసారి లేస్తుంటే, డిస్కు ఆరోగ్యాన్ని పరీక్షించే స్మార్ట్‌డీ అనే సేవను అనుమానించాలి, దాని మామూలు విరామం 30 నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో నిద్రపోయిన డిస్కును ముప్పయ్యో నిమిషంలో ‘బాగున్నావా’ అని తట్టి లేపితే, ఏడాదికి 17,520 సార్లు లేపినట్టు. నిద్రలో ఉంటే వదిలెయ్యమని దానికి చెప్పే వీలుంది. ‘ఉదయం ఏడున్నరకే ఎందుకు?’ అన్న ప్రశ్న నన్ను వారం రోజులు వేధించింది. కంటైనర్లలో (మిగతా వ్యవస్థ నుంచి వేరు చేసిన గదుల్లాంటి వాటిలో) నడిపే ప్రోగ్రాములకు వేరే చెప్పకపోతే చాలావరకు అంతర్జాతీయ ప్రామాణిక సమయమే తెలుస్తుంది. తెల్లవారుజామున 2 గంటలకని ఎవరో పెట్టిన పని, ఐదున్నర గంటలు ముందుండే మన గడియారంలో, పిల్లలు బడికి తయారయ్యే వేళకు వచ్చి పడుతోంది.

కారణం పెట్టె బయట కూడా ఉండవచ్చు. రాత్రి ఛార్జింగుకు పెట్టగానే ఫొటోలు పంపడం మొదలుపెట్టే ఫోను, ఫోల్డరు తెరిచి వదిలేస్తే ప్రతి వీడియోకూ చిన్న బొమ్మ గీసుకునే ల్యాప్‌టాప్ ఇలాంటివే. కొత్త డిస్కు అయితే తొలి రోజుల్లో మరొకటి: పెద్ద డిస్కును ఈఎక్స్‌టీ4గా తయారు చేసినప్పుడు లోపలి పట్టికలన్నీ అప్పుడే నింపకుండా, ఆ పనిని డిస్కును మొదటిసారి వాడకంలోకి తెచ్చాక లైనక్స్ నేపథ్యంలో చేస్తుంది. అది దానంతటదే ముగిసిపోతుంది.

లైనక్స్ లెక్కల్లో ఒక్క చదువూ ఒక్క రాతా పెరగకపోయినా చప్పుడు వస్తుంటే, ఆ పని చాలావరకు డిస్కు తన లోపలే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము ఆజ్ఞతో చేసుకుంటున్నది. పెంకుల వరుసలా ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా దారులు రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు, వచ్చిన రాతలను ముందు ఒక మూల గుమ్మరించుకొని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. వాటిని ఏ ఉపకరణమూ పట్టుకోలేదు. సర్దుడు అయ్యేదాకా ఆగడమే మార్గం.

జంట డిస్కుల్లో రెండు నకళ్ళూ ఒకటేనా అని అక్షరం అక్షరం సరిచూసే తనిఖీ, డెబియన్ అనే లైనక్స్ రకంలో చాలా ఏళ్ళు నడిచిన ఏర్పాటు ప్రకారం, నెలలో మొదటి ఆదివారం నాడు, అంటే శనివారం అర్ధరాత్రి దాటాక, 12:57కి మొదలవుతుంది. 4 టెరాబైట్లు చదవాలి కనుక గంటల తరబడి సాగుతుంది. ఆ ఒక్క రాత్రి హాలు తలుపు వేసుకొని పడుకుంటాం.