పెద్ద చేతుల గోల్‌కీపర్లకు గ్లవ్స్: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో పిల్లలకు ఫుట్‌బాల్ గోల్‌కీపింగ్ నేర్పిస్తాను. కొత్తగా ఎవరొచ్చినా ఆట కంటే ముందు చేతులు చూస్తాను. ఈ ఎండాకాలం కాజీపేట నుంచి ఇంటర్ చదివే అబ్బాయి వచ్చాడు. మనిషి సన్నం, చేతులు మాత్రం చేటంత. వేసుకున్నవి తొమ్మిదో నంబర్ గ్లవ్స్. తీయించి చూస్తే రెండు చేతుల మధ్య వేళ్ల గోళ్లూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "గింతకన్న పెద్దయి లేవు, వాడంగ వాడంగ అవే సాగుతయని షాపాయన అన్నడు సార్" అన్నాడు. ఈ మాట నేను చాలామంది పిల్లల నోట విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బిగుతుగా ఉన్నా వాడుతుంటే సాగుతాయి.

తోలు చెప్పులు సాగుతాయి. గ్లవ్ అరచేతి వైపు ఉండేది తోలు కాదు, లేటెక్స్ నురుగు, అంటే మెత్తటి రబ్బరు స్పాంజి. బిగుతుగా లాగి వేసుకుంటే సాగదు, చిరుగుతుంది. ముందు బొటనవేలి మొదట్లో కుట్టు పోతుంది, తర్వాత వేళ్ల సందుల్లో. అంతకంటే పెద్ద నష్టం వేళ్లకు. వేలి కొన గ్లవ్ చివరకు ఆనుకుని ఉంటే బంతి తగిలిన దెబ్బంతా గోరు మీద, కణుపు మీద పడుతుంది. పెద్దవాళ్లు ఆడే ఐదో నంబర్ బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. అది దగ్గర నుంచి వేగంగా వచ్చి వేలి కొనకు తగిలితే ఎలా ఉంటుందో కీపర్లకు వేరే చెప్పక్కర్లేదు.

కొలత తీసుకోవడానికి టైలర్ టేపు చాలు. మీకు వాటమైన చేతి వేళ్లు దగ్గరగా పెట్టి, బొటనవేలు వదిలేసి, వేళ్ల మొదటి కణుపుల కింద అరచెయ్యి వెడల్పుగా ఉన్నచోట చుట్టూ టేపు తిప్పండి. వచ్చిన అంగుళాలను పై అంకెకు మార్చి ఒకటి కలపండి. ఆ అబ్బాయికి తొమ్మిదింబావు వచ్చింది. అంటే పది, దానికి ఒకటి కలిపితే పదకొండు. అతను వేసుకున్నది తొమ్మిది! మధ్య వేలి కొన నుంచి మణికట్టు గీత దాకా పొడవు కూడా కొలవండి. వేళ్లు బాగా పొడవైన వాళ్లకు చుట్టుకొలత ఒక్కటే చూస్తే మోసం జరుగుతుంది. కంపెనీ కంపెనీకి సైజు కాస్త మారుతుంది కాబట్టి కొనే కంపెనీ పట్టిక చూడండి. వేసుకున్నాక వేలి కొన దగ్గర అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా ఖాళీ ఉంటే సరిపోయినట్టు. షాపులో పది దాటి లేకపోతే తెప్పించమనండి, లేదా ఆన్‌లైన్‌లో చూడండి. పదకొండు, పన్నెండు నంబర్లు తయారవుతున్నాయి. ఉన్నదాంతో సర్దుకోవద్దు.

అపోహ: అయితే మరీ పెద్దవి వేసుకుంటే ఇంకా మంచిది.

ఇది రెండో చివర. రెండు నంబర్లు పెద్దది వేస్తే లోపల చెయ్యి తిరుగుతుంది. బంతి పట్టేది మీ వేళ్లు కావు, ఖాళీ రబ్బరు. అది వెనక్కి మడుచుకుంటుంది, బంతి జారుతుంది.

అపోహ: నెగెటివ్ కట్ అందరికీ బెస్ట్.

కట్ అంటే వేళ్ల దగ్గర కుట్టు వేసే తీరు. నెగెటివ్ కట్‌లో కుట్లు లోపలికి ఉంటాయి, వేలికి అతుక్కున్నట్టు ఉంటుంది. వేళ్లు పొడవుగా, సన్నగా ఉన్నవాళ్లకు అది హాయి. వేళ్లు లావుగా, అరచెయ్యి వెడల్పుగా ఉంటే మాత్రం సరైన నంబర్‌లో కూడా పట్టేసినట్టుంటుంది. వాళ్లు కుట్లు బయటికి ఉండే ఫ్లాట్ కట్ గానీ, లేటెక్స్ వేలి చుట్టూ తిరిగే రోల్ ఫింగర్ గానీ వేసి చూడాలి. నావి వెడల్పు చేతులే, నేను రోల్ ఫింగర్ వదలను.

అపోహ: ఫింగర్ సేవ్ ఉంటే వేళ్లకు ఏమీ కాదు.

ఫింగర్ సేవ్ అంటే గ్లవ్ వేళ్ల వెనకవైపు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు. అవి వేలు వెనక్కి విరగకుండా కొంత ఆపుతాయి, అంతే. పక్కకు మెలిపడితే, కొన మీద దెబ్బ తగిలితే కాపాడలేవు. గ్లవ్ చిన్నదైతే పుల్ల కూడా వేలికి చాలదు.

అపోహ: చేతులు పెద్దవైతే గ్లవ్స్‌తో పనేంటి?

పిల్లలు నాకు రికార్డో వీడియో చూపిస్తారు. 2004 యూరో కప్ క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్‌తో పెనాల్టీ షూటౌట్‌లో ఆ పోర్చుగల్ కీపర్ గ్లవ్స్ తీసేసి బంతి ఆపాడు, వెంటనే తనే కొట్టి గెలిపించాడు. అద్భుతమే. కానీ అది షూటౌట్‌లో ఒక్క క్షణం. రోజూ వంద షాట్లు పట్టే చేతికి ఆ లెక్క కుదరదు.

అపోహ: ఖరీదైనవి ఎక్కువ రోజులు వస్తాయి.

దాదాపు ఉల్టా. ఖరీదైన గ్లవ్‌లో లేటెక్స్ మెత్తగా ఉంటుంది. పట్టు బాగుంటుంది, త్వరగా అరుగుతుంది. గడ్డి మీద బాగానే ఉంటుంది గానీ, మన మొరం గ్రౌండ్ల మీద నాలుగు డైవులకే అరచెయ్యి గరుకు కాగితం మీద రుద్దినట్టవుతుంది. అందుకే ప్రాక్టీసుకు గట్టి లేటెక్స్ జత, మ్యాచ్‌కు మెత్తటి జత వేరుగా పెట్టుకోమంటాను. డైవ్ కొట్టి లేచేటప్పుడు అరచెయ్యి నేలకు ఆనించొద్దు, పిడికిలి ఆనించి లేవండి. ఈ ఒక్క అలవాటుతో గ్లవ్ ఆయుష్షు బాగా పెరుగుతుంది.

అపోహ: నీళ్లు తగిలితే పాడవుతాయి.

నీళ్లు తగలకపోతేనే పాడవుతాయి. పొడి లేటెక్స్‌కు పట్టు తగ్గుతుంది. కొత్త జతను మ్యాచ్‌కు ముందు గోరువెచ్చని నీళ్లతో ఒకసారి కడగండి, తయారీలో మిగిలిన పొర పోతుంది. ఆట మొదలయ్యే ముందు అరచేతుల మీద కాసిన్ని నీళ్లు చల్లండి.

ఆడిన ప్రతిసారీ ఉతకాలి. గ్లవ్స్ చేతులకే వేసుకుని, గ్లవ్ వాష్ గానీ చిన్నపిల్లల షాంపూ గానీ రెండు చుక్కలు వేసి, చేతులు కడుక్కున్నట్టే మెల్లగా రుద్దండి. మొరం ధూళి లేటెక్స్ రంధ్రాల్లో కూర్చుంటుంది, నీళ్లు ఎర్రగా రావడం ఆగేదాకా కడగాలి. బట్టల సబ్బు, బ్రష్షు, వాషింగ్ మెషీన్ వద్దు. మే నెలలో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు కాలుతుంటాయి. వాటితో కడగొద్దు, ముందే బకెట్‌లో పట్టి చల్లారనివ్వండి. పిండకుండా మెల్లగా నొక్కి నీళ్లు తీసేయండి. ఫ్యాన్ గాలి తగిలే నీడలో వేలాడదీయండి. ఎండకు లేటెక్స్ గట్టిపడి పెళుసవుతుంది. బండి డిక్కీలో వదిలేయడం కూడా అంతే చేటు. మా దగ్గర ఎక్కువ గ్లవ్స్ పోయేది ఆటలో కాదు, డిక్కీలోనే. ఆరాక రెండు అరచేతులూ ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పలుచని గుడ్డ పెట్టండి. విడదీసేటప్పుడు లేటెక్స్ ఊడి వచ్చిందంటే ఇక అతుకు వేయలేం.

కాజీపేట అబ్బాయికి పదకొండో నంబర్ రావడానికి వారం పట్టింది. ఆ వారం గ్లవ్స్ వేయించలేదు, అడుగులు, నిలబడే చోటు మాత్రమే నేర్పాను. ఇప్పుడు ఒక గోరు ఊడిపోయి, కింద నుంచి కొత్తది సగం దాకా వచ్చింది. రోజూ ప్రాక్టీసు అయ్యాక నా దగ్గరికొచ్చి చూపించి వెళ్తాడు.