‘ఎన్ని పురుళ్ళు పోశావు?’ మిడ్‌వైఫ్ శిక్షణపై అపోహలు, వాస్తవాలు

మిడ్‌వైఫ్ (కాన్పులు చేసి, తల్లీబిడ్డల్ని చూసుకునే నిపుణురాలు) శిక్షణలో ఉన్నవాళ్ళని ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న ఇదే: "ఇప్పటికి ఎన్ని పురుళ్ళు పోశావు?" ఇంట్లోవాళ్ళు అడుగుతారు, సీనియర్లు అడుగుతారు, తోటి విద్యార్థులైతే ఒకరి లాగ్ బుక్ ఒకరు తిరగేసి మరీ లెక్క చూసుకుంటారు. అడగడంలో తప్పు లేదు. చదువు మొత్తాన్ని ఆ ఒక్క అంకెతో కొలవడం మొదలయ్యాక మాత్రం నష్టపోయేది తల్లులు. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను, మిగతావి త్వరగా ముగిస్తాను.

అపోహ: బిడ్డను చేతుల్లోకి తీసుకోవడమే అసలు పని. లాగ్ బుక్‌లో సంఖ్య నిండితే పని వచ్చినట్టే.

వాస్తవం: సంఖ్య ఉండాల్సిందే. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం విద్యార్థి స్వయంగా కనీసం 40 కాన్పులు చేయాలి. అంతమంది దొరక్కపోతే 30 చేసి, మరో 20 కాన్పుల్లో సాయం పట్టాలి. చాలామంది ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. అదే జాబితాలో కనీసం 100 గర్భిణీ పరీక్షలు ఉన్నాయి. బాలింతలు, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు కలిపి కనీసం 100 మంది సంరక్షణ ఉంది. ప్రమాద లక్షణాలున్న 40 మంది స్త్రీల పర్యవేక్షణ కూడా ఉంది. పురుడు పోసే సంఖ్య కంటే చూసి, విని, తాకి తెలుసుకునే సంఖ్యే ఎన్నో రెట్లు ఎక్కువ. ఊరికే పెట్టలేదు దాన్ని.

బిడ్డ తల కనిపించినప్పటి నుంచి ఒళ్ళు బయటపడే దాకా పట్టేది సాధారణంగా నిమిషాలే. దానికి ముందు గంటల తరబడి నొప్పులు, తర్వాత కనీసం రెండు గంటల గట్టి కాపలా. అంకె కోసం పరిగెత్తే విద్యార్థి ఏం చేస్తుందంటే, గర్భాశయ ముఖద్వారం 9 సెంటీమీటర్లు తెరుచుకుందని తెలియగానే గదిలోకి వస్తుంది, గ్లౌజులు వేసుకుంటుంది, బిడ్డను అందుకుంటుంది, లాగ్ బుక్‌లో రాసుకుని పక్క గదికి వెళ్ళిపోతుంది. నేర్చుకోవాల్సినదాంట్లో ముప్పాతిక వంతు అటూ ఇటూ జారిపోయింది.

ముందు జారిపోయింది బిడ్డ గుండె చప్పుడు వినడం. నొప్పులు బాగా ఊపందుకున్న మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నొప్పి తగ్గుతుండగా మొదలుపెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు విని నాలుగుతో గుణిస్తే లెక్కలో పొరపాటు కూడా నాలుగింతలవుతుంది, పైగా నొప్పి తర్వాత మెల్లగా పడిపోయి మళ్ళీ లేచే చప్పుడు అసలు దొరకనే దొరకదు. వింటున్నంతసేపూ రెండో చేత్తో తల్లి నాడి పట్టుకోవాలి. తల్లి నాడినే బిడ్డ గుండె చప్పుడనుకుని 120 అని రాసేయడం కొత్తవాళ్ళు చేసే పొరపాట్లలో అత్యంత ప్రమాదకరమైనది. మామూలు పరిధి 110 నుంచి 160. ముక్కుతున్నప్పుడు తల్లి నాడి కూడా సులువుగా అందులోకే వచ్చేస్తుంది.

రెండోది పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు గుర్తించే చార్టు. కాన్పు అయ్యాక కూర్చుని గుర్తున్నంతవరకు గీతలు గీసిన పార్టోగ్రాఫ్ కంటే ఖాళీ కాగితం నయం, కనీసం ఎవరినీ తప్పుదోవ పట్టించదు. ఆ చార్టు ఉన్నదే తర్వాతి పరీక్షకు ముందు ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త చార్టు లేబర్ కేర్ గైడ్‌లో చురుకైన దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాలన్న పాత గీత అందులో లేదు. ఒక్కో సెంటీమీటర్‌కు ఒక్కో హద్దు ఉంది: 5 దగ్గర 6 గంటలు కదలకపోతే అప్రమత్తం కావాలి, 6 దగ్గర 5 గంటలు, 7 దగ్గర 3, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2. పక్కన తోడు మనిషి ఉన్నారా, నీళ్ళు తాగుతోందా, ఏ భంగిమలో ఉంది అన్నవి కూడా రాయాలి. వాటిని అలంకారానికి పెట్టారనుకునే విద్యార్థులు కోకొల్లలు. కాన్పు సాగే తీరుతో నేరుగా ముడిపడి ఉన్నవి అవి.

తల దిగడాన్ని పొట్ట మీద చేత్తో అంచనా వేయడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. కటి అంచుకు పైన తల ఎన్ని ఐదో వంతులు తగులుతోందో చూస్తాం: 5/5 అంటే పూర్తిగా పైనే ఉంది, 0/5 అంటే మొత్తం దిగింది. పీవీ పరీక్ష (యోనిలోకి వేళ్ళు పెట్టి చేసే పరీక్ష) ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. నెత్తి మీద వాపు వచ్చి, ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జరిగినప్పుడు లోపల వేలికి తల బాగా కిందికి వచ్చినట్టే తగులుతుంది. పొట్ట మీద చూస్తే ఇంకా 3/5 పైనే ఉంటుంది. ఆ రెండూ పొసగకపోవడమే పెద్ద హెచ్చరిక.

అన్నిటికంటే ప్రాణాంతకంగా జారిపోయేది బిడ్డ పుట్టిన తర్వాతి భాగం. పొట్ట తడిమి కవల బిడ్డ లేదని తేల్చుకుని, ఒక నిమిషంలోపు గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కట్టాలి, బిడ్డకు ఊపిరి అందించాల్సిన అవసరం వస్తే మాత్రం వెంటనే. గర్భసంచి గట్టిపడినప్పుడే తాడును నిదానంగా లాగాలి, అదే సమయంలో రెండో చేత్తో జఘనాస్థికి (పొత్తికడుపు అడుగున ముందు ఉండే ఎముకకు) పైన గర్భసంచిని వెనక్కి, పైకి ఆపి పట్టాలి. 30, 40 సెకన్లలో మాయ దిగిరాకపోతే ఆపేసి, మళ్ళీ గట్టిపడేదాకా ఆగాలి. మెత్తగా ఉన్న గర్భసంచిని లాగితే తాడు తెగొచ్చు, గర్భసంచే లోపలిది బయటికి తిరగబడొచ్చు. మాయ వచ్చాక దాన్ని తిప్పి చూసి, ముక్కలన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయా, పొరలు పూర్తిగా వచ్చాయా అని తేల్చుకోవాలి. మాయను చూడకుండా ట్రేలో పడేసేవాళ్ళు రేపటి రక్తస్రావాన్ని ఇవాళే వదిలేసి వెళ్తున్నారు.

ఆ తర్వాత రెండు గంటలు. ప్రతి 15 నిమిషాలకు పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి బంతిలా గట్టిగా ఉందో లేదో చూడాలి, నాడి చూడాలి, కింద ప్యాడ్ చూడాలి. గర్భసంచి బొడ్డుకు పైకి, ఒక పక్కకు ఒరిగి ఉంటే మొదట మూత్రసంచి ఖాళీ చేయించాలి. నిండిన మూత్రసంచి దాన్ని ముడుచుకోనివ్వదు. బయటికి కొంచెమే కారుతున్నా లోపల గడ్డలు నిండుతూ ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ చాలా రక్తం పోయేదాకా బీపీని నిలబెట్టుకుంటుంది, ముందు పెరిగేది నాడే. "బీపీ బాగానే ఉంది కదా" అన్న ధీమాతో ఎన్ని విలువైన నిమిషాలు పోతాయో.

కంటితో వేసే రక్తం అంచనా చాలాసార్లు తక్కువే వస్తుంది. కొలిచి వెంటనే కదిలితే ఎంత తేడా వస్తుందో 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం చూపించింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో 2 లక్షలకు పైగా స్త్రీలు అందులో ఉన్నారు. వాటిలో కొన్నింటిలో కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌ను నడుము కింద పరిచి రక్తాన్ని కొలిచారు. హద్దు దాటగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడినుంచి వస్తోందో వెతకడం, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. మామూలు పద్ధతే పాటించిన ఆసుపత్రులతో పోలిస్తే తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. ఇందులో ఒక్కటీ కొత్త మందు కాదు. త్వరగా గమనించారు, గమనించిన వెంటనే కదిలారు. లాగ్ బుక్‌లో ఏ అంకెలోనూ కనిపించని నైపుణ్యం అదే.

విద్యార్థులకు ఒక్క నియమం చెబుతాను: రెండు గంటల కాపలా పూర్తయ్యేదాకా ఆ కాన్పును లాగ్ బుక్‌లో రాయకండి. అంకె నెమ్మదిగా పెరుగుతుంది, పెరగనివ్వండి.

అపోహ: సీనియర్‌ని, డాక్టర్‌ని పిలిస్తే చేతకానట్టు.

వాస్తవం: పిలవాల్సిన క్షణాన్ని గుర్తించడమే పరీక్ష. భుజం ఇరుక్కున్నప్పుడు, అంటే తల బయటికి వచ్చి మళ్ళీ వెనక్కి గుంజుకున్నట్టు నిలిచిపోయినప్పుడు, మొదటి పని గట్టిగా చెప్పడం: "భుజం ఇరుక్కుంది, రండి." రెండోది గడియారం చూసి టైం చెప్పడం. ఆ తర్వాతే తల్లి తొడలు రెండూ పొట్ట వైపు బాగా మడిచి పట్టించడం, జఘనాస్థికి పైన నొక్కించడం. పొట్ట పైభాగాన్ని నొక్కకూడదు, బిడ్డ మెడ వంచి లాగకూడదు. మౌనంగా ఒంటరిగా లాగుతూ గడిపిన నిమిషం బిడ్డ చెయ్యి చచ్చుబడడానికి చాలు.

పిలిచేటప్పుడు "మేడమ్, ఒకసారి వస్తారా" అంటే ఎవరికీ తొందర తెలియదు. ఎవరు, ఏమైంది, ఇప్పటిదాకా ఏం చేశాం, మీ నుంచి ఏం కావాలి, ఈ నాలుగూ వరసగా చెప్పండి: "రెండో కాన్పు, 20 నిమిషాల క్రితం ప్రసవం, రక్తం 600 మిల్లీలీటర్లు, గర్భసంచి మెత్తగా ఉంది, మర్దన చేస్తున్నాం, ఆక్సిటోసిన్ నడుస్తోంది, మీరు వెంటనే రావాలి." దీన్ని గట్టిగా పైకి అని సాధన చేయాలి, మనసులో అనుకుంటే నోరు తిరగదు. తీరా వచ్చి చూస్తే ఏమీ లేదని తేలినా తప్పు చేసినట్టు కాదు. విసుక్కునే సీనియర్లు ఉంటారు, ఆ విసుగుకు భయపడి ఆగకండి.

అపోహ: చేతులు వణికేవాళ్ళు, రక్తం చూసి కళ్ళు తిరిగేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

వాస్తవం: ఈ భయంతో మొదటి నెలల్లోనే మానేద్దామనుకునేవాళ్ళకి చెబుతున్నాను, ఆగండి. కళ్ళు తిరగడం శరీరం చేసే పని, అసమర్థత కాదు. ఖాళీ కడుపుతో, నీళ్ళు తాగకుండా, కదలకుండా గంటలు నిలబడితే అది ఎక్కువవుతుంది. తల తేలిపోతున్నట్టు అనిపించగానే పక్కనున్నవాళ్ళకు చెప్పి కూర్చోండి. చూడగా చూడగా చాలామందికి అది తగ్గిపోతుంది. వణుకు తగ్గేది శిక్షణకు వాడే బొమ్మ మీద సాధనతో. పీవీలో వేళ్ళకు ఏమీ అర్థం కాకపోవడం కూడా మామూలే. సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) చాలాసార్లు మధ్యలో కాకుండా వెనక్కి ఉంటుంది, కంగారులో ముందు గోడనే తడుముతూ ఉండిపోతారు. 1 నుంచి 10 సెంటీమీటర్ల వృత్తాలున్న పలక మీద కళ్ళు మూసుకుని వేళ్ళతో కొలవడం రోజూ చేయండి. అర్థం కాకపోతే "తెలియలేదు" అని చెప్పండి. ఊహించి రాసిన అంకె మీద తర్వాతి నాలుగు గంటల నిర్ణయాలు ఆధారపడతాయి.

మిగతావి గబగబా. పిల్లల్ని కననివాళ్ళు మిడ్‌వైఫ్ కాలేరన్నది వట్టి మాట. నొప్పిని గౌరవించడానికి ఆ నొప్పి పడి ఉండాల్సిన పని లేదు. మగవాళ్ళు చేయకూడదన్న నియమం ఈ వృత్తిలో చాలా దేశాల్లో లేదు. తల్లి ఒప్పుకోవాలన్న షరతు అందరికీ ఒకటే. నర్సింగ్ చదవకుండా కుదరదన్నది అన్నిచోట్లా నిజం కాదు: అంతర్జాతీయ మిడ్‌వైవ్స్ సమాఖ్య ప్రమాణాల ప్రకారం నేరుగా చేరేవాళ్ళకు కనీసం 3 ఏళ్ళు, నర్సింగ్ తర్వాత చేరేవాళ్ళకు కనీసం 18 నెలలు, రెండింటిలోనూ కనీసం సగం ప్రాక్టికల్ ఉండాలి. మొదటి కాన్పు అయితే ఎపిసియోటమీ (బిడ్డ వచ్చే దారి పెద్దది చేయడానికి యోనిద్వారం దగ్గర పెట్టే కోత) కోయాల్సిందేనని ఇంకా నేర్పుతున్నచోట్ల నేర్పడం ఆపాలి. అందరికీ కోయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది.

అపోహ: బిడ్డ చనిపోయి పుట్టినప్పుడు విద్యార్థి ఏడవకూడదు, తల్లితో మాట్లాడకూడదు.

వాస్తవం: కళ్ళు చెమ్మగిల్లితే తప్పు లేదు. పని ఆగకూడదు, అంతే. ఇంజెక్షన్, మాయ, రెండు గంటల కాపలా, అన్నీ యథాతథంగా జరగాలి. దుఃఖంలో ఉన్న తల్లికి రక్తస్రావం ఎవరూ గమనించకపోవడం నిజంగా జరుగుతుంది. బిడ్డను చూస్తారా, ఎత్తుకుంటారా అని తల్లినే అడగాలి, బంధువులు నిర్ణయించేయకుండా. మొదట వద్దన్నా, కాసేపయ్యాక మళ్ళీ అడగొచ్చు. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయని ముందే చెప్పాలి; చెప్పకపోతే ఇంట్లో ఒంటరిగా ఆ క్షణం వచ్చినప్పుడు ఆమె తట్టుకోలేదు. ఆ డ్యూటీ అయ్యాక విద్యార్థితో సీనియర్ కూర్చుని ఏం జరిగిందో మొదటినుంచి మాట్లాడాలి. ఎవరూ పిలవకపోతే మీరే అడగండి.

అపోహ: సర్టిఫికెట్ వచ్చాక బొమ్మలతో పనేముంది?

వాస్తవం: పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించడం కొన్ని నెలలు చేయకపోతే చేతులు మర్చిపోతాయి. పుట్టిన మొదటి నిమిషంలోపే గాలి అందాలి. చాలామంది పిల్లలకు తుడిచి, వీపు రుద్దితే సరిపోతుంది కాబట్టి నిజంగా అవసరమయ్యే బిడ్డ అరుదుగా, చెప్పకుండా వస్తుంది. ఛాతీ లేవకపోతే చాలాసార్లు కారణం మాస్క్ పక్కనుంచి గాలి పోవడమో, మెడ మరీ వంగడమో, మరీ వెనక్కి వాలడమో. ముందు మాస్క్ సరిచేయండి, తల సరిచేయండి, నోట్లో స్రావాలు చూడండి, నోరు కొద్దిగా తెరవండి, ఆ తర్వాతే గట్టిగా నొక్కడం. డ్యూటీ ఎక్కగానే మాస్క్‌ను అరచేతికి ఆనించి బ్యాగ్ నొక్కి చూడండి. చేతికి ఒత్తిడి తగలకపోతే వాల్వ్ తప్పుగా బిగించారు లేదా ఎక్కడో చిరిగింది, అప్పుడే మార్చేయండి.