మధ్యంతర ఉత్తర్వు వచ్చిందా? ముందు ఈ అపోహలు వదలండి

బ్రిటన్‌లో నర్సుగా పనిచేస్తూ, యూనియన్ ప్రతినిధిగా తోటి నర్సులకు తోడుగా విచారణలకు వెళ్తుంటాను. నర్సుల రిజిస్ట్రేషన్, వారిపై ఫిర్యాదులు చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్‌ఎంసీ, నుంచి ‘మధ్యంతర ఉత్తర్వు విచారణ’ (ఫిర్యాదుపై దర్యాప్తు సాగుతుండగా నర్సు పనిపై తాత్కాలిక ఆంక్ష పెట్టాలా అని చూసే విచారణ) అంటూ ఉత్తరం రాగానే మనవాళ్లు సగం ప్రాణం పోయినట్టు ఫోను చేస్తారు.

అపోహ: తప్పు చేశానని తేల్చేశారు.

వాస్తవం: తేల్చలేదు. ఆ రోజు కూర్చునే ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఆరోపణ నిజమా కాదా అన్న జోలికే పోదు. దర్యాప్తు ముగిసేలోగా ప్రజల రక్షణకు ఆంక్ష అవసరమా, లేదా ప్రజాహితం కోసమో నర్సు సొంత క్షేమం కోసమో కావాలా అన్నదే వారు చూస్తారు. అందుకే ‘నేనే తప్పూ చేయలేదు’ అని గంటసేపు వాదించినా పెద్దగా ఫలితం ఉండదు. ప్రస్తుత మేనేజరు రాసిన లేఖ, మందులు ఇవ్వడంలో ఈమధ్య తీసుకున్న శిక్షణ, పనితీరులో ఏం మార్చుకున్నారో చెప్పే రాత, ఇవి అక్కడ బరువు తూగుతాయి. ఆ రాత మాత్రం యూనియన్‌కో న్యాయవాదికో చూపించకుండా పంపకండి. అసలు విచారణలో అదే మళ్లీ మీ ముందుకు రావచ్చు.

అపోహ: ఉత్తర్వంటే సస్పెన్షనే.

వాస్తవం: షరతులతో పని చేయనిచ్చే ఉత్తర్వు కూడా ఉంది. షరతులు సరిపోతాయేమో చూశాకే ప్యానెల్ సస్పెన్షన్ దాకా వెళ్లాలి. పర్యవేక్షణ లేకుండా మందులు ఇవ్వకూడదు, షిఫ్టులో ఒంటరిగా బాధ్యత తీసుకోకూడదు, ఒకే యజమాని దగ్గర పని చేయాలి, ఇలాంటివి. చిక్కల్లా వాటిని అమలు చేసే యజమాని దొరకడమే. పూటకో వార్డులో పనిచేసే ఏజెన్సీ నర్సులకు ఇది ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను. అది న్యాయంగా అనిపించదు నాకు.

అపోహ: ఒకసారి పడితే కేసు ముగిసేదాకా అంతే.

వాస్తవం: ప్యానెల్ విధించగల గరిష్ఠ గడువు 18 నెలలు. మధ్యలో సమీక్షలు తప్పనిసరి. కొత్త ఆధారం దొరికితే ముందుగానే సమీక్ష కోరవచ్చు. గడువు పెంచాలంటే ఎన్‌ఎంసీ కోర్టుకు వెళ్లాల్సిందే. ఉత్తర్వును రద్దు చేయమని మీరూ కోర్టు తలుపు తట్టవచ్చు.

అపోహ: విచారణకు వెళ్లకపోతే వాయిదా పడుతుంది.

వాస్తవం: సరిగా నోటీసు అంది ఉంటే, మీరు లేకుండానే నిర్ణయం తీసుకోగలరు. ఖాళీ కుర్చీ ఏ ప్రశ్నకూ జవాబు చెప్పదు కదా.

అపోహ: ఇంకో ఆసుపత్రిలో చేరితే ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఎన్‌ఎంసీ రిజిస్టర్‌ను ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు, ఉత్తర్వు అక్కడ కనిపిస్తుంది. పైగా ఆంక్షలుంటే యజమానికి చెప్పడం వృత్తి నియమావళి ప్రకారం మీ బాధ్యత. దాచారంటే అది మరో ఆరోపణవుతుంది, అదీ నిజాయతీ మీద. మందుల పొరపాటును శిక్షణతో సరిదిద్దుకున్నానని చూపించవచ్చు. దాచిపెట్టినదానికి ఏ శిక్షణ సర్టిఫికెట్ చూపిస్తారు?